గుండె లేని విస్తరి

కొమురమ్మను చంపింది ఆమె తమ్ముడు నాగేందరే. బీరన్నకు లోకంలో అందరి మీదా అనుమానమే గానీ, ఈ ఒక్క సంగతి మీద మాత్రం అనుమానం లేదు. మేపుకని మక్తల్ దిక్కు పోయిన గొర్ల మంద దగ్గర ఉన్న తన భార్యను దవాఖానకని తీసుకుపోయాడు. తన కాళ్ళతో నడిచి ఆటో ఎక్కిన మనిషి వ్యానులో పండుకొని తిరిగొచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ నాగేందరే ఇవాళ అక్క సంవత్సరీకానికని వచ్చి, బీరన్న వాకిట్లో, బీరన్న వేసిన పందిరి కింద కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

ఇంటి వెనుక నుంచి గోపయ్య కేక వినపడింది.

"బీరన్నా! జర ఇటు రా. గిన్నెల గుండె లేదు."

యాట గొర్రెను కోసింది గోపయ్య. తోలు ఒక దిక్కు, మాంసం ఒక దిక్కు సర్ది పెట్టాడు. గుండె, కార్జం వేరే గిన్నెలో పెట్టాడు. అవి అన్నిటికన్నా ముందు వండాలి. పోయిన ఆడమనిషికి ఏడాది తిరిగిన రోజు మోదుగు విస్తరిలో గుండె, కార్జం పెట్టి, ఆ విస్తరిని పుట్టింటివాళ్ళ చేతులతో పిట్టకు పెట్టించడం వాళ్ళ ఇళ్ళలో పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి. రెంటిలో ఏది లేకున్నా అది సగం విస్తరి. సగం విస్తరిని పిట్ట ముట్టదంటారు.

"మంచిగ సూడు. కార్జం కింద పడ్డదేమో."

"కార్జం కింద సూసిన, పేగుల కింద సూసిన, నా పీట కింద గూడ సూసిన. గుండె లేని యాటను నేను ఇయ్యాల్టి దాంక కొయ్యలే బీరన్నా. మనుషులనంటే మస్తు మందిని సూసిన."

బీరన్న నవ్వలేదు.

"నువ్వు యాడికి పోయినవ్?"

"కత్తి కడుగుదామని బోరు కాడికి పోయిన. గిన్నె మీద ఆకు కప్పే పోయిన. వచ్చేసరికి ఆకు కప్పినట్టే ఉన్నది."

"కుక్క తిన్నదేమో."

"కుక్క తింటే కార్జం ఇడిసిపెడ్తదా? పెట్టినా, ఆకు మల్ల కప్పుతదా?"

కప్పదు. కుక్క ఆకు కప్పదు. మనిషే కప్పుతాడు.

"ఇటు దిక్కు ఎవలొచ్చిన్రు?"

"గంగాళం కోసమని మీ అక్క సోమమ్మ వచ్చింది. నీ బిడ్డ బకీటు తీస్కపోయింది. మీ బామ్మర్ది కాళ్ళు కడుక్కపోయిండు."

గోపయ్య ముగ్గురిని చెప్పాడు. బీరన్న చెవికి ఒకటే వినపడింది.

నాగేందర్ రామన్నపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. బండి మీద వచ్చాడు. బండికి ఒక బ్యాగు వేలాడుతోంది. బీరన్న తిన్నగా పోయి ఆ బ్యాగు జిప్పు లాగాడు.

పందిరి కింద తలలన్నీ ఇటు తిరిగాయి.

"బావా," నాగేందర్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఏం కావాలె నీకు? అడిగితే నేనే తీసిస్త గద."

బీరన్న ఒక్కొక్కటే తీసి బండి సీటు మీద పడేశాడు. కంపాసు పెట్టె. రాసుకునే అట్ట. పెన్నులు. గణితం, భౌతికశాస్త్రం మాదిరి ప్రశ్నపత్రాల కట్ట. గ్లూకోజు డబ్బా.

"గుండె యాడ పెట్టినవ్?"

"ఏం గుండె?"

"మీ అక్క విస్తర్ల పెట్టేది. నువ్వే తీసినవ్. విస్తరి సగమైతే పిట్ట ముట్టదు. పిట్ట ముట్టకుంటే, మొగడు సక్కగ పెట్టలేదని ఊరంత నన్ను అంటది. నీకు గదే కావాలె."

నాగేందర్ బండి దగ్గరికి వచ్చాడు. "బావా, యాట గుండెను దొంగతనం చేసేటోడు ఉంటడా లోకంల?"

"మనిషినే మాయం చేసినోనికి యాట గుండె ఒక లెక్కనా?"

"ఒరే బీరిగా!" సోమమ్మ పొయ్యి దగ్గర నుంచి గరిటెతోనే వచ్చింది. ఆమె బీరన్నకు పెద్దక్క. మొగుడు పోయినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటోంది. "నోరా, మోరీయా? ఇంటికొచ్చిన సుట్టపోని సంచి దేవులాడుతరా ఎవలన్న?"

"నువ్వు ఊకో అక్కా."

"ఏడాది సంది ఊకుంటనే ఉన్న. ఊకుంటే నీకు బలమైతాంది గాని తెలివైతలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. బీరన్న అటు చూశాడు. ఎవరు నవ్వారో తెలియలేదు గానీ, ఎవరెవరు నవ్వి ఉంటారో లెక్క వేసుకున్నాడు.

నాగేందర్ సామాను మళ్ళీ బ్యాగులో సర్దుతూ, తలెత్తకుండానే మాట్లాడాడు. "నేను అక్క కోసమని వచ్చిన. రాణి కోసం గూడ వచ్చిన. దాచేదేం లేదు. సోమవారం సంది దాని పదో తరగతి పరీక్షలు. సెంటరు మా రామన్నపేటల పడ్డది. మీ ఊరి బస్సు వచ్చిందాంక నమ్మకం లేదు. గణితం పరీక్ష నాడు బస్సు రాలేదనుకో, పిల్ల ఏడాది చదువు మట్టిల పోతది. పోయిన వారం ఫోన్ల చెప్తే కట్ చేసినవ్. అందుకే మొకం మీద చెప్తున్న. పరీక్షలయ్యే దాంక మా ఇంట్ల ఉంచు. నా పెండ్లాం భాగ్యశ్రీ ముందర అర్ర ఖాళీ చేసి పెట్టింది."

"పెండ్లాన్ని తీస్కపోయినవ్. ఇప్పుడు బిడ్డనా?"

"మేనమామ ఇంటికి బావా. మేకల సంతకు కాదు."

"నా బిడ్డ నా ఇంట్ల ఉండే పోయి రాస్తది. బస్సు రాకుంటే నడిచి పోతది. నడవరాకుంటే రాయదు."

నాగేందర్ బ్యాగు జిప్పు మూశాడు. పందిరి కింద ఒక ముసలాయన దగ్గాడు. ఒక పిల్ల గ్లాసు కింద పడేసింది.

చివరికి సోమమ్మే కార్జం ఒక్కటే వండింది. విస్తరిలో అన్నం, కార్జం, కొమురమ్మకు ఇష్టమైన పచ్చిపులుసు పెట్టి నాగేందర్ చేతికిచ్చింది. బీరన్న వద్దనబోయాడు. సోమమ్మ గరిటె ఎత్తింది. నాగేందర్ గోడ పక్కన విస్తరి పెట్టి, నీళ్ళు తిప్పి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

అందరూ పైకి చూస్తున్నారు.

కాకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. గోడ మీద వాలింది, కిందికి దుమికింది, కార్జం ముక్కను ముక్కున పట్టుకొని లేచిపోయింది. గుండె ఏదని అడగలేదు.

"సూసినవా?" అంది సోమమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "పోయిన దానికి లేని పట్టింపు నీకెందుకురా?"

బీరన్నకు ఆ కాకి మీద కూడా నమ్మకం కుదరలేదు. ఆకలైన కాకి ఏదైనా ముడుతుంది.

భోజనాల బంతి కూర్చునే వేళకు నాగేందర్ చేతులు కడుక్కున్నాడు. తిన్న తర్వాత కడుక్కునే కడుగుడు కాదు అది. అక్క సంవత్సరీకంలో ఒక్క మెతుకు ముట్టకుండా బండి స్టార్టు చేశాడు. బ్యాగు మాత్రం సోమమ్మ చేతికిచ్చాడు.

"రాణికి ఇయ్యి వదినె. బావ కంట పడనియ్యకు. లేకుంటే బావ పొయ్యిల పెడ్తడు."

బండి ఊరి మలుపు దాటాక గానీ సోమమ్మకు గుర్తుకు రాలేదు.

"అవురా, రాణేది?"

బంతిలో లేదు. ఇంట్లో లేదు. గొర్ల దొడ్డి దగ్గర లేదు. తల్లి విస్తరి పెట్టినప్పుడు కూడా నాగరాణి అక్కడ లేదని బీరన్నకు ఇప్పుడు తట్టింది. గుండె మాయం. బిడ్డ మాయం. బామ్మర్ది బండి ఎక్కి పోయాడు. మూడింటినీ కలిపి ముడి వేయడానికి బీరన్నకు ఎక్కువసేపు పట్టలేదు.

"వాడే. మలుపు కాడ ఎక్కించుకొని పోయిండు."

"నీ అనుమానం ఎడ్ల బండైతే దేశమంత తిరిగొద్దువు," అంది సోమమ్మ. "చర్చి ఎనుక గ్రేస్ వాళ్ళింట్ల సూడుపో. ఇద్దరు కలిసే చదువుకుంటున్నరు గద, శివరాత్రి సంది."

గ్రేస్ తల్లి ఈదమ్మ మిరపకాయ ఏరడానికి కూలికి పోయింది. పట్టపగలు ఆ ఇంటి తలుపు మూసి ఉంది. పగలు మూసిన తలుపును బీరన్న ఎన్నడూ నమ్మలేదు. చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా దగ్గరికి పోయాడు.

లోపల గుసగుసలు.

"ఆపకు. ఇంక జర లోపలికి పోనియ్యి."

"రక్తం వస్తాంది రాణీ. సాలు, ఇడిసిపెట్టు."

"మెల్లగ మాట్లాడు. బాపుకు తెలిస్తే సంపుతడు."

బీరన్న తలుపును కాలితో తన్నాడు.

ఇద్దరు ఆడపిల్లలు నేల మీద కూర్చొని ఉన్నారు. నడుమ స్టీలు పళ్ళెం. పళ్ళెంలో యాట గుండె. దాని పై గొట్టాల్లో కూల్‌డ్రింకు తాగే గొట్టాలు గుచ్చి ఉన్నాయి. నాగరాణి చేతిలో బ్లేడు. గ్రేస్ చేతిలో నీళ్ళు నింపిన సిరంజి. గోడకు ఆనించి జీవశాస్త్రం పుస్తకం తెరిచి ఉంది.

గ్రేస్ లేచి గోడకు అతుక్కుంది. "కాకా... కాకా, నేను వద్దనే అన్న. దేవుని తోడు."

బీరన్న బిడ్డనే చూస్తున్నాడు.

"యాడిది గది?"

"మన యాటదే."

"మీ అమ్మకు పెట్టే గుండె అది."

"అమ్మ గుండె సూద్దామనే తెచ్చిన బాపు."

కొట్టడానికి బీరన్న ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది.

నాగరాణి లేవలేదు. బ్లేడు మాత్రం కింద పెట్టింది.

"పుస్తకంల రాసుంది, గొర్రె గుండె తెచ్చి కోసి సూడాలని. మా సార్ సూపియ్యలే. బొమ్మ గీస్తే సాలు, మార్కులొస్తయన్నడు. ఎన్ని సార్లు గీసిన్నో. గీస్తున్న గాని సమజైతలేదు. ప్రీఫైనల్ల గీ ప్రశ్ననే వచ్చింది. గుండె ఎట్ల పనిచేస్తదో వివరించమని. రాసుకుంట రాసుకుంట అమ్మకు ఖరాబైంది ఏడనో తెల్వక పెన్ను ఆగిపోయింది. సైన్సు అంచున పాసైన. పెద్ద పరీక్షల గూడ గట్లనే ఆగిపోతే?"

బీరన్న ఎన్ని యాటల గుండెలు తిన్నాడో లెక్క లేదు. విప్పి చూసింది లేదు.

"ఏడున్నది?" అన్నాడు. అడగాలని అడగలేదు. నోరు దాటి వచ్చింది.

నాగరాణి గుండెను తిప్పి పట్టుకుంది. "గిది ఎడమ దిక్కు. పై గది కర్ణిక. కింది గది జఠరిక. పై గది కప్పు కోసి తీసినం. నడుమ గీ రెండు తెల్లటి పొరలు సూడు, రెండు తలుపుల లెక్క. రక్తం కిందికి దిగంగనే గివి మూసుకోవాలె. గ్రేస్, కొట్టవే."

గ్రేస్ భయపడుతూనే కింది గదిలోకి సిరంజితో నీళ్ళు కొట్టింది. సన్నటి పొరలు ఉబ్బి ఒకదాన్నొకటి అతుక్కున్నాయి. నీళ్ళు పైకి రాలేదు.

"సూసినవా? మంచి గుండెల ఎనుకకు రావు. అమ్మకు వచ్చేటియి. అందుకే ఆయాసం."

"నీకెవలు చెప్పిన్రు గిదంత? నాగేందర్ గాడా?"

"నువ్వే చెప్పినవ్. నేను చిన్నగున్నప్పుడు. మీ అమ్మ గుండెల తలుపు సక్కగ పడ్తలేదు బిడ్డా, బరువు లేపనియ్యకు అన్నవ్."

అన్నాడు. ఆ మాట గుర్తుంది.

"గా తలుపు ఇంక ఖరాబు కావద్దనే మూడు వారాలకొక సూది," అంది నాగరాణి. "అమ్మ తోని నేనే పోయేదాన్ని దవాఖానకు. సూది ఏపిచ్చుకొని నొప్పికి గోడ పట్టుకొని నడిచేది. ఒక్కపారి గూడ తప్పియ్యలే. పోయినేడు మీరు మంద తోని పోయిన్రు. నన్ను అత్త కాడ ఉంచిన్రు. మక్తల్ దిక్కు పోయినంక గా సూది యాడ ఏపిచ్చినవ్ బాపు?"

ఈ ప్రశ్న ఆమె గొంతులో ఇవాళ పుట్టింది కాదు. మాటలన్నీ ఒక వరుసలో వచ్చాయి. లోపల చాలాసార్లు అనుకున్న మాటలు అలాగే వస్తాయి. బిడ్డ తనను అనుమానిస్తోంది. ఏడాది నుంచి ఒక్క ఇంట్లో, ఒక్క కంచం దగ్గర కూర్చొని అనుమానిస్తోంది.

బీరన్న చూపు గ్రేస్ చేతి మీద పడింది.

"గా సిరంజి నాది. గొర్లది. నా సామాను ముట్టినవా?"

"ముట్టిన." నాగరాణి అతని కళ్ళలోకి చూసింది. "చిటుకు రోగానికి, పుర్రుడు రోగానికి, గొర్లకు సూదులు నువ్వెన్నడు తప్పియ్యలే బాపు. మక్తల్ కాడ గూడ తప్పియ్యలే. ఫోన్ల నువ్వే చెప్పినవ్, మందకంత సూదులేసిన, ఒక్కటి గూడ సావలేదని."

బీరన్న పళ్ళేన్ని ఒక్క తన్ను తన్నాడు. గుండె దొర్లి గడప దగ్గర దుమ్ములో పడింది. అతను దాన్ని దాటి బయటికి నడిచాడు. చెప్పులు అక్కడే మరిచాడు.

వెనుక నుంచి గ్రేస్ గొంతు వినపడింది. "రాణీ, ఇంక కుడి దిక్కు సూడలే. కడిగి తేవాల్నా, వద్దా?"

తర్వాత బిడ్డ గొంతు. "తే. రేపటికి పాడైతది."

ఆమె ఇంటికి వచ్చేసరికి బంతులు అయిపోయాయి. పందిరి ఖాళీ అయింది. సోమమ్మ కంచంలో అన్నం పెట్టి పిలిచింది. నాగరాణి తినలేదు. తల్లి ఫొటో ముందు కొంచెంసేపు నిలబడింది. తర్వాత గూట్లోంచి గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం పుస్తకాలు తీసి, నాగేందర్ తెచ్చిన బ్యాగులో సర్దింది. రెండు జతల బట్టలు పెట్టింది.

బీరన్న గడపలో నిలబడ్డాడు.

"యాడికి?"

"రామన్నపేటకు."

"ఎవలనడిగి?"

"నిన్నే అడుగుతున్న." ఆమె బ్యాగు జిప్పు వేయలేదు. "ఒక్క మాట చెప్పు, పోను. ఈడ్నే ఉంట. పొద్దుగాల బస్సొస్తే బస్సుకు పోత, రాకుంటే నడుస్త. మామ ఫోన్ చేసినా ఎత్తను. నువ్వెట్లంటే గట్ల. మక్తల్ కాడ అమ్మకు సూది ఏపిచ్చినవా, లేదా? లేదన్నా పోను బాపు. నిజం చెప్పు సాలు."

సోమమ్మ గరిటె కింద పెట్టింది. "తమ్మీ, చెప్పరాదు? ఏపిస్తే ఏపిచ్చిన్నని చెప్పు. నోట్లనుంచి ముత్యాలు రాలుతయా?"

మక్తల్‌లో దవాఖాన ఉంది. అది ఎక్కడుందో బీరన్నకు తెలుసు. గొర్రెల మందులు కొన్న దుకాణం దాని ఎదురుగానే ఉంది.

"బస్సు ఎన్ని గంటలకు అక్కా?" అన్నాడు సోమమ్మతో.

"ఏం బస్సు?"

"రామన్నపేటది."

సోమమ్మ నోరు తెరిచింది. పొద్దున ఎవరి బ్యాగు దేవులాడాడో, ఎవరి పేరెత్తితే ఏడాదిగా ఉమ్మేస్తున్నాడో, ఆ మనిషి ఇంటికి బిడ్డను తన నోటితో తానే పంపుతున్నాడు. "ఒరే, దానికి జవాబు చెప్పమంటే బస్సేందిరా?"

బీరన్న లోపలికి వచ్చాడు. వంగి బ్యాగు జిప్పు వేశాడు. అది సగంలో ఇరుక్కుంది. గట్టిగా లాగి మూశాడు. నాగరాణి బ్యాగు అందుకోలేదు. గెలిచినదానిలా లేదు ఆమె ముఖం. పోతానని అడిగింది గానీ ఆమెకు కావాల్సింది పోవడం కాదు.

"పరీక్షలయినంక వస్త," అంది. "వచ్చి మల్ల అడుగుత."

"రా. నీ ఇల్లే. తిను, పండుకో, పై చదువు చదువుతనంటే చదువు. గా సూది ముచ్చట మాత్రం అడగకు. మీ అత్త అడిగినా, నాగేందర్ గాడు కాళ్ళు మొక్కి అడిగినా, ఇయ్యాల్టి సంది అది నా నోట రాదు. నన్ను బొంద పెట్టేదాంక రాదు."